పురుగు మందుకు ‘అలవాటు పడిందా’? గట్టు మీద మొక్క నిలబడుతుంటే చేలో మొక్క ఎందుకు ఓడుతోంది

నవంబరు వచ్చేసరికి వంశధార పక్కన గుణుపురం, రామనగుడ, పద్మపురం వైపు పత్తి చేలల్లో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి ‘గుడ్డిపూలు పడ్డాయి’. రెండోది ‘పురుగు మందుకు అలవాటు పడిపోయింది’. మొదటిది కంటికి కనిపించేదే. రేకులు విచ్చుకోకుండా పువ్వు ముడుచుకుపోయి ఉందంటే లోపల గులాబీ రంగు పురుగు చేరిందని అర్థం. రెండోది దానికి చెప్పుకునే కారణం. తిరకాసంతా ఆ కారణంలోనే ఉంది.

అదే చేను గట్టు మీద జిల్లేడు, రేగు, తుమ్మ, గరిక ఉంటాయి. వాటికి ఎవరూ మందు కొట్టరు, ఎరువు వేయరు. మేకలు, గొంగళి పురుగులు, మిడతలు వాటి మీద పడి తింటూనే ఉంటాయి. అయినా ఏటా అక్కడే పచ్చగా కనిపిస్తాయి. గట్టు దిగితే వేలకు వేలు ఖర్చు పెట్టి పెంచిన మొక్క మాత్రం చిన్న పురుగుకు చేతులెత్తేస్తోంది. రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో పత్తి, వరి వేసే తెలుగు రైతులకు ఈ తేడా ఏటా ఎదురయ్యేదే.

క్లుప్తంగా: తినే జీవుల నుంచి మొక్కలు రెండు రకాలుగా గట్టెక్కుతాయి. తిననివ్వకుండా అడ్డుకోవడం ఒకటి, తిన్నా మళ్లీ పుంజుకోవడం ఇంకోటి. రెండింటికీ ఖర్చుంది. అడవిలో మొక్క, పురుగు తరతరానికీ ఒకదాన్ని చూసి ఒకటి మారుతుంటాయి. ఏటా కొత్త ప్యాకెట్ విత్తనం వేసే చేలో మాత్రం మారే అవకాశం పురుగుకే ఉంది.

అలవాటు కాదు, ఏరివేత

సారా తాగేవాడికి తాగగా తాగగా మత్తు తగ్గినట్టు, పురుగుకు కూడా మందు తినగా తినగా ఒళ్లు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. ఒక చేలో పుట్టే వేల పురుగుల్లో పుట్టుకతోనే చిన్న చిన్న తేడాలుంటాయి. ఏ ఒకటి రెండింటికో ఒంట్లో విషం అతుక్కునే చోటు కొంచెం వేరే ఆకారంలో ఉంటుంది. మందు పడ్డాక మిగతావి చస్తాయి, ఇవి మిగులుతాయి. మిగిలినవే జత కడతాయి, వాటి పిల్లలకూ ఆ తేడా వస్తుంది. గులాబీ రంగు పురుగుకు దాదాపు నెలకో తరం. ఒక్క పంటకాలంలోనే నాలుగైదు సార్లు ఈ ఏరివేత జరిగిపోతుంది. ఏ ఒక్క పురుగూ మారలేదు. మారింది మొత్తం మందలో ఎవరు ఎందరన్న లెక్క.

మొక్కల విషయంలోనూ ఇదే సూత్రం. కొండ మీద వెయ్యి రేగు మొలకలు లేస్తే, ముల్లు కాస్త గట్టిగా ఉన్నవాటిని మేక వదిలేస్తుంది. వదిలేసినవే కాయలు కాస్తాయి. మొక్క ఏదో ఆలోచించి ముల్లు తయారు చేసుకుందనడం చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, అక్కడ ఆలోచన ఏమీ లేదు.

జిల్లేడు దగ్గర ఆగి చూస్తే

జిల్లేడు ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. గాలి తగలగానే జిగురులా గట్టిపడతాయి. చిన్న పురుగు కొరికితే నోరు అంటుకుపోతుంది. పైగా ఆ పాలలో గుండె కొట్టుకోవడాన్ని దెబ్బతీసే విషాలున్నాయి. అందుకే బరంపురం నుంచి రాయగడ దాకా రోడ్డు పక్కన మేకలు అన్నిటినీ మోడు చేసినా జిల్లేడును ముట్టవు.

అయితే తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. వానాకాలంలో జిల్లేడు ఆకు తిప్పి చూస్తే నలుపు, పసుపు, తెలుపు పట్టీలతో ఒక గొంగళి పురుగు కనిపిస్తుంది. నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక పిల్ల అది. నేరుగా ఆకు తినడం మొదలుపెట్టదు. ముందు ఆకు మధ్య ఈనెను ఒకచోట కొరుకుతుంది. పాలు అక్కడే కారిపోతాయి. కోతకు అవతలి భాగానికి పాలు అందవు. అప్పుడు ఆ భాగాన్ని తింటుంది. విషం కొంత దాని ఒంట్లోనే చేరి దాచి ఉంటుంది కాబట్టి పిట్టలు దాన్ని తినడానికి జంకుతాయి. మొక్క కట్టుకున్న కోట పురుగుకు ఇల్లయిందన్నమాట.

పువ్వులు, ఆకుల్లోని చేదు రసాయనాలకూ వాటిని తినే సీతాకోకచిలుకల జాతులకూ మధ్య ఇలాంటి ఎదురెదురు పరిణామం నడుస్తోందని జీవశాస్త్రవేత్తలు పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ 1964లో వాదించారు. అప్పటిదాకా ఈ రసాయనాలను మొక్క వదిలే చెత్త అని అనుకున్నవాళ్లు ఎక్కువ. మిరప మంట, వేప చేదు, పొగాకు ఘాటు, ఆముదం గింజలోని విషం అన్నీ ఈ పోరు మిగిల్చినవే. మనిషి వాటిని తాలింపులోకో మందుల డబ్బాలోకో వాడుకుంటున్నాడు.

ముళ్లకు ఇంత పెద్ద కథ లేదు. లేత నల్లతుమ్మకు వేలెడు పొడవున తెల్లటి ముళ్లుంటాయి. మేక మూతికి అందనంత ఎత్తు పెరిగి ముదిరిన చెట్టుకు చాలావరకు ఉండవు. అవసరం తీరిన చోట ఖర్చు మానేయడమే.

పత్తి గింజను చీల్చితే

పత్తి మొక్క చేతకానిదని అనుకుంటే పొరపాటు. ఒక పత్తి గింజను పళ్ల మధ్య పెట్టి చీల్చి, పప్పును వెలుతురులో చూస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆకు మీదా, కాయ తొక్క మీదా అవే చుక్కలుంటాయి. అవి గాసిపాల్ అనే విషం నిండిన సంచులు. ఆవులు, గేదెల మొదటి పొట్టలో ఇది చాలావరకు విరిగిపోతుంది కాబట్టి పత్తి గింజలు, చెక్క వాటికి దాణాగా పనికొస్తాయి. కోళ్లకు, పందులకు పెడితే ప్రమాదం. కోడి గుడ్డు సొన రంగు కూడా మారిపోతుంది. పురుగు ఆకు కొరికితే తర్వాత వచ్చే లేత ఆకుల్లో ఈ చుక్కల విషం పెరుగుతుంది. ఎప్పుడూ ఖర్చు పెట్టకుండా, దెబ్బ తగిలాక పెంచుకునే ఏర్పాటు ఇది.

ఆకు వెనక నడి ఈనె మీద, మొదలుకు దగ్గర, చిన్న గుంట ఉంటుంది. పొద్దున్నే చూస్తే అందులో తేనె చుక్క మెరుస్తుంది. పువ్వుకు సంబంధం లేని తేనె అది. చీమల కోసం. చీమలు తిరిగే ఆకు మీద పురుగు గుడ్లు, పిల్లలు బతకడం కష్టం. ఆకును పురుగు కొరికితే ఈ తేనె ఊరడం కూడా పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది.

మూడోది వాసన. పురుగు లాలాజలం తగిలిన పత్తి ఆకు గాలిలోకి ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది. వాటిని పట్టుకుని చిన్న కందిరీగలు వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. 1995లో అమెరికాలో ఆసక్తికరమైన పోలిక ఒకటి బయటపడింది. అడవిగా పెరిగిన పత్తి, మార్కెట్ రకాల పత్తి రెండింటి మీదా ఒకే పురుగును వదిలితే, అడవి పత్తి సగటున ఏడు రెట్లు ఎక్కువ వాసన వదిలింది. మనుషులు దూది పొడవు, దిగుబడి చూసి ఎంపిక చేసుకుంటూ పోయారు. వాసనను ఎవరూ చూడలేదు. అది అలా జారిపోయింది.

ఆకు నూగు సంగతి ఇంకా చిక్కు. నూగు ఎక్కువున్న ఆకు మీద పచ్చదోమ గుడ్లు సరిగా పెట్టలేదు, రసం పీల్చలేదు. అందుకని నూగున్న రకాలు ఎంచుకుంటే, తెల్లదోమకు ఆ నూగే ఇష్టం. ఒక దోమ తలుపు మూస్తే ఇంకో దోమ తలుపు తెరుచుకుంటుంది. దుకాణంలో ‘ఈ రకానికి దోమ పట్టదు’ అని చెబితే, ఏ దోమ అని అడగాల్సిందే.

ఓర్చుకునే దారి

అడ్డుకోవడం కంటికి కనిపిస్తుంది. ఓర్చుకోవడం కనిపించదు కాబట్టి దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కానీ పెద్ద పశువులు మేసే నేలల్లో గెలిచిన మొక్కలు చాలావరకు ఈ దారివే.

గరికనే తీసుకోవచ్చు. దాని పెరిగే మొవ్వు నేలకు ఆనుకుని ఉంటుంది. ఆవు పైన ఎంత మేసినా మొవ్వు క్షేమం. మరో వారానికి మళ్లీ పచ్చగా ఉంటుంది. పొడుగ్గా పెరిగి నీడ పెట్టే మొక్కలు మేతకు పోతే గరికకు ఎండ బాగా తగులుతుంది. అంటే పశువు మేయడం గరికకు ఒక రకంగా లాభమే.

కొండల మీద ఇదే పాఠాన్ని తునికి చెబుతుంది. ఒడియాలో కెందు. కెందు ఆకు వ్యాపారాన్ని ఒడిశా ప్రభుత్వం 1973లో తన చేతిలోకి తీసుకుంది. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలను నేలమట్టంగా నరికిస్తారు. నెలన్నర తిరిగేసరికి వేళ్ల నుంచి కొత్త చిగుళ్లు లేచి, బీడీకి కావలసిన మెత్తటి ఆకు వస్తుంది. వేసవిలో తెంపుతారు, మళ్లీ ఏడు నరుకుతారు. బీడీ పరిశ్రమ ఆధారపడింది చెట్టు తాలూకు ఈ ఓర్పు మీదే. అడవి మంటలు, మేసే జంతువుల మధ్య లక్షల ఏళ్లు బతికిన మొక్కకు వేళ్లలో పిండి పదార్థం దాచుకునే గుణం వచ్చింది. దాన్నే ఇప్పుడు కట్టలు కట్టి లెక్కపెడుతున్నారు.

వరిలో కూడా ఇది ఉంది. పిలకలు వేసే దశలో కాండం తొలిచే పురుగు మొవ్వు చంపితే దుబ్బు కొత్త పిలకలు వేసి చాలావరకు పూడ్చుకుంటుంది. పొట్ట దశలో చంపితే తెల్ల కంకి తప్ప ఏమీ రాదు, పూడ్చుకోవడానికి సమయం ఉండదు. పంటకాలం పొడుగున్న పాత వడ్లకు ఈ గడువు ఎక్కువ, తొందరగా పండే రకాలకు తక్కువ. తొలి దశలో నాలుగు చచ్చిన మొవ్వులు చూసి టెన్షన్‌తో పంపు భుజానికెత్తుకోవడం చాలాసార్లు అనవసర ఖర్చు.

ఓర్పుకు ఇంకో గుణం ఉంది. అడ్డుకునే మొక్క పురుగును చంపుతుంది లేదా ఆకలితో పెడుతుంది కాబట్టి, తట్టుకోగలిగిన పురుగే మిగిలేలా ఏరివేత జరుగుతుంది. ఓర్చుకునే మొక్క మీద పురుగుకు అలాంటి ఒత్తిడి లేదు. దాన్ని ‘ఓడించే’ కొత్త పురుగు పుట్టాల్సిన అవసరం రాదు.

ఊరికే ఏదీ రాదు

ఇంత బాగుంటే మొక్కలన్నీ విషంతో, ముళ్లతో, పాలతో, ఓర్పుతో ఎందుకు నిండిపోలేదు? విషం తయారు చేయడానికి వాడిన కార్బన్, నత్రజని గింజకు పోవు. వేరులో దాచిన పిండి కంకిలోకి రాదు. సన్నటి కొండ నేలలో మెల్లగా పెరిగే చెట్టుకు పోయిన ఆకును మళ్లీ కట్టుకోవడం భారం. అందుకే ఆకును వగరుతో, గట్టిదనంతో కాపాడుకుంటుంది. ఏటి ఒడ్డున సారవంతమైన మట్టిలో పెరిగే మొక్కకు పోయినా మళ్లీ వేసుకోవడమే చవక. ఈ లెక్కను 1985లో ముగ్గురు పరిశోధకులు సిద్ధాంతంగా పెట్టారు.

ఈ ఖర్చు ఎంత నిజమో 2012లో వచ్చిన ఒక అమెరికా ప్రయోగం చూపించింది. ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ అనే పసుపు పూల మొక్కను కొన్ని మళ్లలో పురుగు మందు కొడుతూ, మరికొన్నింటిలో కొట్టకుండా ఐదేళ్లు పెంచారు. విత్తనాలు వాటంతటవే రాలి మొలిచాయి. మందు కొట్టిన మళ్లలో ఐదేళ్లకే మొక్కల తీరు మారింది. కాయల్లో పురుగును అడ్డుకునే రసాయనాలు తగ్గాయి, ఇతర కలుపుతో పోటీ పడే శక్తి పెరిగింది. కాపలాదారు ఉన్న ఇంటికి తాళం బరువు అనిపించినట్టు. అడవి మొక్కకు అక్కర్లేని కవచం వదిలించుకోవడానికి ఐదేళ్లు చాలాయి. మనుషులు వేల ఏళ్లుగా పంట మొక్కలకు చేసింది ఇదే.

ఉల్లికోడు: సరిహద్దుకు అటొకటి, ఇటొకటి

ఉల్లికోడు దోమంత ఈగ. దాని పిల్ల వరి మొవ్వు దగ్గర చేరి తింటుంటే, ఆకు బదులు ఉల్లికాడ లాంటి తెల్లటి గొట్టం వస్తుంది. ఆ పిలకకు ఇక కంకి లేదు. తట్టుకునే కొన్ని రకాల్లో ఏం జరుగుతుందంటే, పురుగు చేరిన చోట కణాలు తమంతట తామే చచ్చి గోధుమ రంగుకు తిరుగుతాయి. తిండి లేక పురుగు రెండు మూడు రోజుల్లో చస్తుంది. ఊరి చివర నాలుగిళ్లు తగలబెట్టి మంట ఊళ్లోకి రాకుండా ఆపినట్టన్నమాట.

ఈ గుణం ఒక్కో జన్యువు మీద ఆధారపడి ఉంటుంది. ఆంధ్రలో పేరు తెచ్చుకున్న ఫల్గుణ రకానికి అది తాయిలాండ్ వరి సయాం 29 నుంచి వచ్చింది. ఫల్గుణ విస్తారంగా సాగయ్యాక, 1980ల రెండో సగంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దాన్ని తినగలిగే ఉల్లికోడు తేలింది. శాస్త్రవేత్తలు దానికి నాలుగో రకం అని పేరు పెట్టారు. కటక్ వైపు ఉండేది రెండో రకం. దానికి ఫల్గుణ లొంగదు. వేరే జన్యువున్న ఇంకో వరి రకం మాత్రం దానికి లొంగిపోతుంది. అంటే పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లే దారిలో భాష మారినట్టు కనిపించకపోయినా, శ్రీకాకుళం పురుగు వేరు, కటక్ పురుగు వేరు. అక్కడి బంధువులు ‘మాకు బాగా నిలిచింది’ అని చెప్పిన రకం ఇక్కడ బోల్తా పడటానికి ఇది ఒక కారణం. విత్తనం నకిలీ కానక్కర్లేదు.

ఈ పోరుకు కావలసిన జన్యువులు వచ్చేది పాత వడ్ల నుంచే. కొరాపుట్ జిల్లాలోని జయపురం ప్రాంతంలో 1950ల రెండో సగంలో సర్వే చేసి 1,700కు పైగా వరి రకాలు సేకరించారు. ఒకే కొండ వాలు మీద మెట్టకో రకం, మధ్యకో రకం, పల్లానికో రకం. కొరాపుట్ సంప్రదాయ సాగును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. చోళ్లు, సాములు, కంది కలిపి చల్లే కొండపోడులో, సొంత గింజ దాచుకునే ఇళ్లలో, నిలబడిన మొక్క గింజే మరుసటి ఏడాదికి పోతుంది. అక్కడ ఏరివేత మెల్లగానైనా రెండు వైపులా నడుస్తుంది.

గులాబీ రంగు పురుగుకు దారి ఎవరు వేశారు

బీటీ పత్తి భారత్‌లో 2002లో వచ్చింది. మట్టిలోని ఒక బాక్టీరియా తయారు చేసే విషం తాలూకు జన్యువును పత్తిలో పెట్టారు. 2006లో రెండో జన్యువు కలిపారు. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి దాన్ని, ఆ తర్వాత రెండో దాన్ని కూడా గులాబీ రంగు పురుగు తట్టుకుంది. అదే చేలో ఉండే శనగపచ్చ పురుగు విషయంలో అంత వేగంగా జరగలేదు. కారణం భోజనం. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా అన్నీ తింటుంది. కాబట్టి బీటీ విషం ఎరగని పురుగులు పక్క పంటల్లో ఎప్పుడూ ఉంటాయి, అవి వచ్చి జత కట్టి ఆ లెక్కను చెదరగొడతాయి. గులాబీ రంగు పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగ్గ తిండి లేదు. ఎటు చూసినా బీటీ పత్తే అయితే, తట్టుకున్న మగ పురుగుకు తట్టుకున్న ఆడ పురుగే దొరుకుతుంది.

ఈ ప్రమాదం ముందే తెలుసు. అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చేవారు. చేను చుట్టూ వేస్తే అక్కడ మామూలు పురుగులు బతుకుతాయని. డబ్బు పెట్టి కొన్న భూమిలో పురుగుకు మేత వేయమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఎక్కువ మంది అవతల పారేశారు. రైతును తప్పుపట్టడం తేలిక. కానీ లాభం అందరిదీ, నష్టం ఒక్కడిదీ అయిన ఏర్పాటు నిలవకపోవడంలో వింత లేదు.

హైబ్రిడ్ విత్తనం దీనికి తోడైంది. హైబ్రిడ్ మొక్కలో ప్రతి బీటీ జన్యువూ ఒక్కో ప్రతే ఉంటుంది. ఆ మొక్క కాయలోని గింజల్లో సగటున ప్రతి 16కి 9 గింజల్లో రెండు జన్యువులూ ఉంటాయి, 6 గింజల్లో ఒక్కటే ఉంటుంది, ఒక గింజలో ఏదీ ఉండదు. గులాబీ రంగు పురుగు తినేది గింజనే. ఒక గింజలో బలమైన మోతాదు, పక్క గింజలో సగం మోతాదు. సగం మోతాదుకు చావకుండా మిగలడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. దానికి తోడు సంక్రాంతి దాటినా మోడు తీయకుండా మూడో ఏరుడు కోసం ఉంచితే మరో రెండు తరాలు.

చైనాలో కథ తిరగబడింది. యాంగ్సీ నది లోయ రైతులు చవకని చెప్పి హైబ్రిడ్ రెండో తరం గింజలు వేశారు. అక్కడి పత్తిలో బీటీ జన్యువు ఒక్కటే కాబట్టి ప్రతి నాలుగు మొక్కల్లో ఒకటి బీటీ లేనిదైంది. ఎవరూ పనిగట్టుకుని వేయకుండానే చేలో అక్కడక్కడా మామూలు పురుగుకు చోటు దొరికింది, తట్టుకునే గుణం పెరగడం ఆగిందని 2017లో అక్కడి పరిశోధకులు చూపారు. గింజ గింజకూ తేడా ఉంటే పురుగుకు లాభం, మొక్క మొక్కకూ తేడా ఉంటే రైతుకు లాభం. అమెరికా బీటీతో పాటు గొడ్డు పురుగులను కోట్ల సంఖ్యలో వదిలి, 2018లో గులాబీ రంగు పురుగును తన పత్తి ప్రాంతాల నుంచి తుడిచిపెట్టినట్టు ప్రకటించింది. చిన్న కమతాల మధ్య ఆ పద్ధతి నడపడం వేరే సంగతి.

ముందు ఏం జరగొచ్చు

మూడో జన్యువు, నాలుగో జన్యువు కలిపిన విత్తనం వచ్చినా, పురుగు వైపు ఏరివేత ఆగదు. గడువు మాత్రం పెరగొచ్చు. బీటీ లేని గింజను అదే ప్యాకెట్‌లో కలిపి ఇవ్వడం, తొందరగా ఒకేసారి కాపు ఇచ్చే రకాలు, డిసెంబరుకే మోడు పీకేయడం గడువును ఇంకా పెంచుతాయి. వీటిలో మూడోదానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. కానీ ఒక్క ఊరంతా కలిసి చేస్తేనే పని చేస్తుంది. రాయగడలో పీకి, గట్టు దాటి పార్వతీపురం వైపు వదిలేస్తే రెక్కలున్న పురుగుకు అది గట్టులా కనబడదు.

నాటు పత్తి వైపు చూపు మళ్లడం కూడా కనిపించొచ్చు. పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తి ఆ కోవదే. రసం పీల్చే పురుగులను అమెరికన్ పత్తి కంటే బాగా తట్టుకుంటుంది. దిగుబడి, దూది పొడవు తక్కువ కాబట్టి అందరికీ గిట్టుబాటు కాదు.

వరి విషయంలో తేడా ఇంకో చోట ఉంది. జయపురం ప్రాంతపు గింజల్లో చాలావాటిని శీతల గిడ్డంగుల్లో దాచారు. గింజ బతికున్నంత కాలం వాటిలోని జన్యువులు పోవు. కానీ 1950ల్లో గిడ్డంగిలోకి వెళ్లిన గింజ, 1980ల్లో శ్రీకాకుళంలో తేలిన ఉల్లికోడును ఎన్నడూ ఎదుర్కోలేదు. మారే పురుగులను ఏటేటా ఎదుర్కొంటున్నవి కొండ మీద ఇంకా చల్లుతున్న కొన్ని గంపల వడ్లే.